సహాయక గృహవసతి వల్ల నిజంగా మేలు జరుగుతుందా?

మీ చెల్లెలు ఇద్దరు పిల్లలతో భర్త ఇల్లు వదిలి వచ్చి ఆశ్రయ కేంద్రంలో ఉందని, సహాయక గృహవసతిలో, అంటే అద్దె సాయంతో పాటు అండగా ఒక కార్యకర్త కూడా ఉండే పథకంలో, ఒక ఇల్లు ఇస్తామంటే తేల్చుకోలేకపోతోందని రాశారు. "అదీ ఒక హాస్టలే కదా, ఇతరుల మీద ఆధారపడటం అలవాటవుతుందేమో" అని పెద్దవాళ్ళు అంటున్నారట. నేను పిల్లలతో అలాంటి ఇంట్లో కొన్నేళ్ళు ఉన్నాను. వెళ్ళమనే చెబుతాను.

ఆశ్రయ కేంద్రాన్ని తక్కువ చేయడం లేదు. 1971లో లండన్‌లోని చిజ్విక్‌లో భర్తల హింస నుంచి బయటపడిన స్త్రీల కోసం ఎరిన్ పిజ్జీ మొదలుపెట్టిన ఆశ్రయం వంటివి ఎందరి ప్రాణాలో కాపాడాయి. నన్నూ అలాంటి చోటే కాపాడింది. కానీ అక్కడ ఉండేందుకు ఒక గడువు ఉంటుంది. గడువు తరుముతుంటే ఉద్యోగం వెతకడం, కోర్టుకు తిరగడం, పిల్లల చదువు చూడటం అన్నీ సగంలోనే ఆగిపోతాయి. కొట్టినవాడి దగ్గరికే తిరిగి వెళ్ళిన స్త్రీలను లోకం ఎన్ని మాటలంటుందో మీకు తెలుసు. వాళ్ళలో చాలామంది పిల్లలతో ఎక్కడ పడుకోవాలో తెలియకే వెళతారు.

సహాయక గృహవసతిలో అద్దె ఒప్పందం ఆమె పేరు మీద ఉంటుంది, తాళం చెవి ఆమె చేతిలో ఉంటుంది. అద్దెను సాధారణంగా ఆదాయాన్ని బట్టి లెక్కగడతారు. అండగా ఒక కార్యకర్త ఉంటారు. నాకు కేటాయించిన ఆవిడ ముందుగా ఫోను చేసి, రమ్మంటేనే వచ్చేది. నేను వద్దన్న రోజు ఎందుకని అడగలేదు. ప్రతి కదలికకూ సంజాయిషీ చెప్పుకుంటూ బతికిన మనిషికి అది ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

ఆవిడ చేసిన సాయంలో అన్నిటికన్నా విలువైనది కౌన్సెలింగ్ కాదు, కాగితాల పని. నా పేరు మీద నాకు తెలియని అప్పులున్నాయని అక్కడికి వెళ్ళాకే బయటపడింది. మంచి ఇల్లు అద్దెకు దొరకకపోవడానికి అదీ ఒక కారణమే. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని నోటీసులన్నీ తేదీల వారీగా పేర్చాం. ఏది నేను సంతకం చేసింది, ఏది నా భర్త నా పేరుతో తీసుకున్నది అని రెండు దొంతరలు చేశాం. బ్యాంకుకు ఫోను చేసినప్పుడు మాట్లాడింది నేనే. నా గొంతు ఆగిపోయినప్పుడు ఆవిడ తర్వాతి వాక్యం కాగితం మీద రాసి నా ముందుకు జరిపేది. కొన్నాళ్ళకు ఆ కాగితం అవసరం లేకుండానే మాట్లాడగలిగాను. పెద్దవాళ్ళు భయపడుతున్న అలవాటు ఇదైతే, అది అందరికీ అబ్బాలి.

ఒక విషయం మీ చెల్లెలికి ముందే చెప్పండి. మొదటి వారాల్లో భయం తగ్గదు, పెరుగుతుంది. ఆశ్రయ కేంద్రంలో చుట్టూ మనుషులుంటారు, కాపలా ఉంటుంది. సొంత తలుపు వేసుకున్న రాత్రి ప్రతి చప్పుడూ వినిపిస్తుంది. పిల్లలు అప్పటిదాకా దాచుకున్న ఏడుపు కూడా అప్పుడే బయటికి వస్తుంది. మా వాడు బడిలో గొడవలు మొదలుపెట్టింది సరిగ్గా అప్పుడే. ఇల్లు అచ్చిరాలేదని అనుకోవద్దు, ఇక భద్రంగా ఉన్నామని ఒంటికి తెలుస్తున్నప్పుడు అలాగే జరుగుతుంది. మళ్ళీ బడి మార్చాల్సిన పని లేకపోవడమే మా వాణ్ణి కుదుటపరిచింది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకోకండి. అమెరికా గృహనిర్మాణ శాఖ 2010 నుంచి 12 ప్రాంతాల్లో, ఆశ్రయ కేంద్రాల్లో ఉన్న 2,282 కుటుంబాలతో పెద్ద అధ్యయనం చేయించింది. దీర్ఘకాలిక అద్దె సాయం అందిన కుటుంబాల్లో మళ్ళీ నిలువ నీడ కోల్పోవడం బాగా తగ్గింది. భాగస్వామి చేతిలో హింస దాదాపు సగానికి తగ్గింది, పిల్లలు బడులు మారడం కూడా తగ్గింది. ఆ సాయంలో ప్రత్యేక సేవలేవీ జోడించలేదు, అద్దె భారం తగ్గించారంతే. అందుకే నేను ఇంటినే ముందు చూస్తాను, సేవలను ఆ తర్వాత.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఆమె కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. కౌన్సెలింగ్‌కు రాకపోతే ఇల్లు పోతుందా? పోతుందంటే ఆ చోటు గురించి మళ్ళీ ఆలోచించమనండి. సాయం ఎంతకాలం ఉంటుంది, ఆ తర్వాత అదే ఇంట్లో కొనసాగవచ్చా? భర్త ఆమె ఆచూకీ పట్టుకుంటే వెంటనే మరో ఇంటికి మారుస్తారా? అమెరికాలో 2013 నాటి చట్ట సవరణ ప్రభుత్వ గృహ పథకాలకు ఈ ఏర్పాటు తప్పనిసరి చేసింది. మీ దగ్గర ఎలా ఉందో కాగితం మీద చూపించమనాలి. అతను వచ్చి రభస చేస్తే ఆమెను ఖాళీ చేయిస్తారా అన్నదీ అడగాలి, ఇరుగుపొరుగు ఫిర్యాదులతో బాధితురాలే వీధిన పడటం నేను చూశాను.

ఇక మీ వంతు. కొత్త అడ్రసు బంధువుల్లో ఎవరికీ ఇవ్వకండి, రాజీ చేద్దామని మంచి మనసుతో అడిగేవాళ్ళకు అసలే వద్దు. పిల్లల బడి రికార్డుల్లో తండ్రికి చిరునామా కనిపించకుండా ఏం చేయవచ్చో కార్యకర్తను ముందే అడగమనండి. ఇల్లు మారకముందే ఆమె ఫోనులోనూ పిల్లల ఫోన్లలోనూ లొకేషన్ పంచుకోవడం ఆపించండి.