ఆయాసానికి ఇన్‌హేలర్ అలవాటైపోతుందా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 58 సంవత్సరాలు. చుట్టగానీ బీడీగానీ ఏనాడూ ముట్టలేదు. అయినా కొన్నేళ్లుగా దగ్గు, కళ్లె, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు సీవోపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఉండిపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని చెప్పి రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వాడమన్నారు. మొదలుపెడితే అలవాటైపోతుందని బంధువులు భయపెట్టడంతో అమ్మ ఆయాసం ఎక్కువైనప్పుడే పీలుస్తున్నారు. మాత్రలతో సరిపెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, మధిర

జవాబు: అమ్మగారు ఇన్నేళ్లూ ఏ పొయ్యి మీద వండారో మీరు రాయలేదు. పొగ తాగని పల్లెటూరి స్త్రీకి ఈ జబ్బు వచ్చిందంటే ముందుగా అడగవలసింది అదే. గాలి ఆడని వంటింట్లో కట్టెలు, పిడకలు, పత్తికంప మండిస్తూ ఏళ్ల తరబడి వండినవారికి ఆ పొగ వల్ల శ్వాసనాళాలు వాచి, మందమెక్కి, ఇరుకవుతాయి. ఉబ్బసంలో ఆ ఇరుకు వచ్చి పోతూ ఉంటుంది. సీవోపీడీలో చాలావరకు నిలిచిపోతుంది. అందుకే స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరిని కొలిచే పరీక్షలో, శ్వాసనాళాలను విప్పే మందు పీల్చిన తరువాత కూడా, బలంగా ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో వచ్చిన వాటా 70 శాతం కన్నా తక్కువ ఉంటేనే ఈ జబ్బును నిర్ధారిస్తారు. ఎక్స్‌రేతోనే సరిపెట్టి ఉంటే ఆ పరీక్ష చేయించండి.

ఇక అలవాటు సంగతి. శ్వాసనాళాలను విప్పే సాల్‌బ్యుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు ఉంటే, అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక పీల్పుకు 100 మైక్రోగ్రాములే, అంటే నలభయ్యో వంతు. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది కనుక చేతులు వణకడం, గుండె దడ ఎక్కువ. ఇన్‌హేలర్ మానేస్తే ఆయాసం తిరిగి రావడానికి కారణం జబ్బే తప్ప మందుకు బానిస కావడం కాదు. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరగడం లాంటిదే ఇదీ. రెండు పూటలా వాడవలసినదాన్ని ఆయాసం వచ్చిన రోజుకు దాచుకుంటే అది చేయవలసిన పని చేయదు.

మందు పనిచేయలేదనేవారిలో చాలామందికి లోపం పీల్చే పద్ధతిలోనే ఉంటుంది. నొక్కి పీల్చే రకమైతే స్పేసర్ (మందును కాసేపు పట్టి ఉంచే గొట్టం లాంటి డబ్బా) అమర్చి, ముందు ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కాక నిదానంగా లోపలికి తీసుకుని, పది సెకన్లు బిగబట్టాలి. పొడి రకాన్ని మాత్రం స్పేసర్ లేకుండా, గట్టిగా, వేగంగా పీల్చాలి. స్టెరాయిడ్ కలిసినదైతే తరువాత నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరు ఎదుటే పీల్చి చూపించమనండి.

గ్యాస్ వచ్చాక కూడా స్నానాల నీళ్లకు కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్లు ఎన్నో. మీ ఇంట్లోనూ ఉంటే అమ్మగారిని ఆ పనికి దూరంగా ఉంచండి. సాంబ్రాణి, దోమల కాయిల్ కూడా పొగే. ఏటా ఫ్లూ టీకా వేయించండి, న్యుమోనియా టీకా గురించి డాక్టరును అడగండి. ఆయాసానికి భయపడి మంచం పట్టిస్తే కండరాలు క్షీణించి ఆయాసం ఇంకా పెరుగుతుంది కనుక, పెదవులు సున్నాలా చుట్టి ఊపిరి మెల్లగా వదులుతూ రోజూ కొంత నడిపించండి.

కళ్లె పెరిగి పచ్చబడినా, మామూలు కన్నా ఆయాసం ఎక్కువైనా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పెదవులు నీలంగా మారినా, మాట తడబడినా, మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.