బావగారి అంబాసిడర్ డిక్కీకి రంగు వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి, విజయవాడ నుంచి మీ మామయ్య దీవించి వ్రాయునది.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫొటోలూ అందాయి. బావగారి 1977 నాటి అంబాసిడరును ఇనుప సామాన్ల వాడికి అప్పగించకుండా నిలబెట్టాలని నువ్వు నిర్ణయించుకున్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది. ఇంజను పని పూర్తయిందనీ, పై రంగుకు ఆటోనగర్‌లో మేస్త్రీ కుదిరాడనీ, డిక్కీ లోపలి భాగం మాత్రం గుంటూరులో ఇంటి దగ్గరే మనం చేసుకోవచ్చునా అనీ అడిగావు. తప్పకుండా చేసుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా టింకరింగ్, పెయింటింగ్ పనుల మధ్య గడిపినవాడిని కనుక నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను. డిక్కీ లోపల ఎవరు చూస్తారులే అని చాలామంది ఆ పనిని చివరి రోజున, మిగిలిపోయిన రంగుతో ముగించేస్తారు. బయటి రేకు తడిసినా గాలికీ ఎండకూ ఆరిపోతుంది. డిక్కీ నేల మీద చేరిన నీరు మాత్రం మ్యాటు కింద నెలల తరబడి నిలుస్తుంది. పాత బండ్లలో తుప్పు ఎక్కువగా అక్కడే మొదలవడం నేను చూశాను.

కాబట్టి రంగు డబ్బా కొనడానికి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2016 కృష్ణా పుష్కరాలకు ముందు ఒక మిత్రుడి అంబాసిడర్ డిక్కీకి నేనే దగ్గరుండి రంగు వేయించాను. పని ఎంత శుభ్రంగా కుదిరిందంటే మూత తెరిచి అందరికీ చూపించుకున్నాం. వెనక లైటు కింద ఉండే రబ్బరు ఎండి పగిలి ఉన్న సంగతి మాత్రం నేను చూడలేదు. ఆ వానాకాలమంతా నీరు సన్నటి ధారగా లోపలి మూలకు జారుతూనే ఉంది. సంక్రాంతికి మ్యాటు ఎత్తి చూస్తే కొత్త రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక పొక్కును గోటితో గిల్లితే కింద ఎర్రటి తడి పొడి కనిపించింది. ఆ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది.

నీరు కనిపెట్టడానికి రెండు పరీక్షలు చాలు. మూత అంచు బీడింగును, అంటే డిక్కీ నోటి చుట్టూ ఉండే రబ్బరు పట్టీని, తాకే చోట చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, మూత ఒకసారి గట్టిగా వేసి తియ్యి. బీడింగు మీద సుద్ద ఎక్కడ అంటలేదో అక్కడ రబ్బరు అణిగిపోయిందనో, మూత ఒరిగిందనో అర్థం. ఆ తర్వాత వెనక సీటు తీసి, ఒకరు టార్చిలైటుతో ఆ సందులోంచి డిక్కీలోకి చూస్తూ ఉండగా, మరొకరు బయటి నుంచి పైపుతో నీళ్లు పోయాలి. ముందు కింది భాగం, తర్వాత లైట్లు, ఆపైన బీడింగు, చివరగా వెనక అద్దం, ఈ వరుసలో నిదానంగా పోస్తేనే ఏ చోటు కారుతోందో తేలుతుంది. ఒకేసారి అంతటా పోస్తే ఏమీ తెలియదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన బండి కనుక బీడింగు దొరకదన్న భయం అక్కరలేదు గాని, నీ బండి మోడలైన మార్క్ 3కి ఏ రబ్బరైనా సరిపోతుందని అనుకోకుండా పాత ముక్క ఒకటి కోసి దుకాణానికి వెంట తీసుకువెళ్లు.

నీ బండికి ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అది సింగ్ నగర్‌లో బురద నీటిలో నానింది. పైకి కడిగినట్లే కనిపించినా, నేల రేకూ చక్రం పైనుండే రేకూ కలిసే అతుకుల్లో ఆ ఒండ్రు ఇంకా ఉంటుంది. మ్యాటు, స్టెప్నీ, జాకీ, లైట్లు, తాళం, బీడింగు అన్నీ విప్పు. విప్పే ముందు ప్రతిదాని ఫొటో తీసుకుని, స్క్రూలను విడివిడి కవర్లలో వేసి పేరు రాసి పెట్టు. సబ్బు నీళ్లతో, పొడవాటి బ్రష్షుతో అతుకులన్నీ కడుగు. నేలలో నీరు పోయే రంధ్రాలు బురదతో మూసుకుపోయి ఉంటే తీగతో తెరువు. తర్వాత మూత ఎత్తి నాలుగు రోజులైనా మంచి ఎండలో ఆరనివ్వు.

ఆరిన తర్వాత, ఎమరీ కాగితం ముట్టుకోక ముందే, థిన్నరులో తడిపిన గుడ్డతో జిడ్డు తుడిచి వెంటనే పొడి గుడ్డతో మరొకసారి తుడువు. జిడ్డు ఉండగా గీకితే ఆ జిడ్డు గీతల్లోకి దిగి, పైన ఏ ప్రైమరు వేసినా అక్కడ పట్టదు. తుప్పు పట్టిన చోట్లను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడు. గట్టిగా ఆగితే అది పైపై తుప్పు. వైర్ బ్రష్షుతో, 80 నంబరు కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా గీకవచ్చు. మొన లోపలికి దిగితే ఆ ముక్క కోసి కొత్త రేకు అతికించవలసిందే. చిల్లు మీద పుట్టీ పెట్టి సరిపుచ్చుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. అతుకుకు 20 గేజి రేకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగు వేడికి పల్చటి రేకు వంకర పోతుంది కనుక వేడి తక్కువగా పాకే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే) వెల్డింగు చేయించు. పెట్రోల్ ట్యాంకు ఆ నేలకు దగ్గరలోనే ఉంటుంది. వెల్డింగుకు ముందు ట్యాంకు దించి దూరంగా పెట్టించాలి. ఖాళీగా ఉందిలే అని వదిలేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే నిప్పు అంటుకునేది లోపల నిండిన ఆవిరికే. బ్యాటరీ తీగలు కూడా విప్పించు.

రంగు ఏది వేయాలన్న ప్రశ్నకు జవాబు నీ బండిలోనే ఉంది. బీడింగు కింద, తాళం పలక వెనక, ఎండ తగలని చోట్ల పాత రంగు చెడకుండా ఉంటుంది. అరచేతి వెడల్పు చోటును మెత్తటి కాగితంతో మెల్లగా అరగదీస్తే తర్వాత వేయించిన పొరలు పోయి మొదటి రంగు బయటపడుతుంది. దాని పక్కన పెట్టి కలిపించుకో. నువ్వు పంపిన ఫొటోల్లో నల్ల నేల మీద బూడిద రంగు చుక్కలు చల్లినట్లున్న డిక్కీ ఒకటి ఉంది. 1960లలో జనరల్ మోటార్స్ వారు తమ అమెరికా కార్ల డిక్కీలకు అలాంటి చుక్కల రంగు వేసేవారు. ఆ బండ్లకు అది న్యాయమే గాని మన అంబాసిడరుకు తగదని నా అభిప్రాయం.

గీకిన రేకును రాత్రంతా వదిలేయకు. మన తేమకు తెల్లారేసరికి పల్చటి తుప్పు తిరిగి పడుతుంది. అదే రోజు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు పట్టించు. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు చవకే, కానీ తేమను ఎపాక్సీలా ఆపలేదు. రంగు కొట్టే స్ప్రే గన్ను పొగ దూరని అతుకుల్లో, మడతల్లో ముందు చిన్న బ్రష్షుతో ప్రైమరు పూసి, తర్వాత గన్నుతో కొట్టాలి. ప్రైమరు ఆరాక అతుకుల మీద, నీరు దిగకుండా వాటిని మూసే సీమ్ సీలరు వేసి వేలితో నునుపు చెయ్యి. నీరు పోయే రంధ్రాలను మాత్రం మూయకు. 400 నంబరు కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిస్తే రంగుకు సిద్ధమైనట్లే.

కాలం కూడా చూసుకోవాలి. ఆగస్టు తేమలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు ఆరుతూ ఆరుతూ తెల్లగా మసకబారుతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండకు రంగు రేకును చేరకముందే ఆరి గరుకుగా పడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు విడిచాక, ఉదయం పది గంటలకు మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మంచిది. వెనక సీటు వైపు సందును ప్లాస్టిక్ షీటుతో పూర్తిగా మూసెయ్యి, లేకపోతే రంగు పొగ సీలింగు గుడ్డ దాకా పోతుంది. డిక్కీ పెట్టెలాంటిది కనుక గాలి ఒత్తిడి ఎక్కువైతే రంగు ఎదురు తిరిగి మొహాన కొడుతుంది. ఒత్తిడి తగ్గించి, లోపలి మూలల నుంచి మొదలుపెట్టి, పక్కలు పూర్తి చేసి, నేలను చివరగా కొడుతూ బయటికి రా. ఒక మందపాటి పొర కంటే పదిహేను, ఇరవై నిమిషాల ఎడంతో మూడు పల్చటి పొరలు నిలుస్తాయి.

నాయనా, ఈ ఒక్క విషయంలో నా మాట దాటవద్దు. పీయూ (పాలీయురేథేన్) రంగు గట్టిపడడానికి అందులో కలిపే హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి పొగ పీల్చినవారికి ఉబ్బసం వచ్చి, తర్వాత కొంచెం వాసన తగిలినా ఊపిరాడని స్థితి రావచ్చు. రుమాలు కట్టుకుని ఆ పని చేసిన కుర్రవాళ్లు తర్వాత ఎంత బాధపడ్డారో నేను దగ్గర నుంచి చూశాను. తల డిక్కీలో పెట్టి కొట్టే పనికి కార్ట్రిడ్జి మాస్కు కూడా అంతంత మాత్రమే. బయటి నుంచి గాలి అందించే మాస్కు ఉంటే తప్ప ఇంటి దగ్గర పీయూ కొట్టవద్దు. ఎన్‌సీ రంగు అంత గట్టిది కాకపోయినా 1977 బండికి అదే సహజంగా ఉంటుంది. దానికైనా ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. చుట్టుపక్కల దీపం గాని, పొయ్యి గాని వెలగకూడదు.

రంగు ఆరాక లైట్లు బిగించేటప్పుడు ఎర్తు స్క్రూ కూర్చునే చోట పైసా అంత మేర రంగు గీకి, కొంచెం వాజలీన్ రాసి బిగించు. లేకపోతే లైట్లు మిణుకుమంటూ ఉంటాయి. మ్యాటు మాత్రం పది రోజులు ఆగి వెయ్యి. వెనక స్పాంజి అతికించిన మ్యాటు నీటిని పట్టి ఉంచుతుంది కనుక అది వద్దు.

సుద్ద గీత పరీక్ష చేసి ఆ ఫొటోలు నాకు పంపు. ట్యాంకు దించే రోజు నాలుగు రోజులు ముందుగా చెబితే ఉదయం బస్సుకు బయలుదేరి వస్తాను. నా గన్ను నేను తెస్తాను, కంప్రెసరు అక్కడే అద్దెకు తీసుకుందాం. మాస్కు మాత్రం నేను వచ్చేలోగా నువ్వే కొని ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య