కొత్త కార్డు గురించి మేనకోడలికి

చి. స్రవంతికి,

మావయ్య ఆశీస్సులు. క్రెడిట్ కార్డు వచ్చిందనీ, భయమేసి బీరువాలో పెట్టి తాళం వేశాననీ రాశావు. బీరువాలో పెడితే పెద్దగా ఒరిగేదేమీ లేదమ్మా. బ్యాంకులో నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో కార్డు భద్రంగా ఇంట్లోనే ఉండగా డబ్బు పోయినవే ఎక్కువ. దాచాల్సింది ఏది, దాచినా లాభం లేనిది ఏది అన్నది ముందు తెలియాలి.

కార్డు బయటికి తీసి నంబరు చూడు. వీసా, మాస్టర్‌కార్డ్, రూపేలకు మామూలుగా 16 అంకెలు ఉంటాయి, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌కు 15. నాలుగుతో మొదలైతే వీసా. 51 నుంచి 55 దాకా ఉన్నవి మాస్టర్‌కార్డ్‌వి, ఈమధ్య రెండుతో మొదలయ్యేవీ వస్తున్నాయి. 34, 37 అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌వి. మొదటి ఆరు అంకెల్ని మేం బిన్ అనేవాళ్లం, ఇప్పుడు దాన్ని ఎనిమిదికి పెంచారు. ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాతి అంకెలు నీ ఖాతావి. చిట్టచివరిది మాత్రం లెక్క సరిచూసుకోవడానికి.

ఆ లెక్క ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్‌ది. 1954లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. కుడి చివర నుంచి వెనక్కి వస్తూ ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చెయ్యాలి. రెట్టింపు చేస్తే తొమ్మిది దాటినచోట ఆ రెండు అంకెలూ కూడెయ్యాలి. మొత్తం కూడితే చివర సున్నా రావాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు పరీక్షలకు వాడే 4111 1111 1111 1111 తీసుకో. రెట్టింపయ్యేవి ఒక నాలుగు, ఏడు ఒకట్లు, అంటే 8, 14 కలిపి 22. మిగిలిన ఎనిమిది ఒకట్లు కలిపితే 30. సరిపోయింది. నీ కార్డుతో కూడా చేసి చూడు, సరదాగా ఉంటుంది. ఒక్క అంకె తప్పు కొట్టినా వెబ్‌సైటు వెంటనే నంబరు తప్పనడానికి కారణం ఇదే. అయితే ఇది టైపింగ్ తప్పులు పట్టేదే గానీ దొంగల్ని పట్టేది కాదు. ఈ లెక్క వాళ్లకీ వచ్చు.

ఈ పాఠమంతా ఎందుకంటే, రేపు ఎవరో ఫోన్ చేసి "మేడమ్, మీ కార్డు ఫలానా అంకెలతో మొదలవుతుంది కదా, చివర ఫలానా నాలుగు కదా" అంటాడు. నీ పేరు, కార్డు లిమిట్ కూడా చెబుతాడు. ఇన్ని తెలిశాయంటే బ్యాంకువాడే అనుకుంటావు. కానీ మొదటి అంకెలు అదే రకం కార్డున్న వాళ్లందరికీ ఒకటే. చివరి నాలుగు బిల్లు చీటీల మీద అచ్చవుతూనే ఉంటాయి. నంబరు చదివి వినిపించినంత మాత్రాన వాడు బ్యాంకువాడు అయిపోడు. రివార్డు పాయింట్లు రాత్రికల్లా పోతాయంటాడు, లిమిట్ పెంచుతామంటాడు, వార్షిక ఫీజు రద్దు అంటాడు. పెట్టేసెయ్. అనుమానం తీరకపోతే కార్డు వెనక అచ్చేసిన నంబరుకు నువ్వే ఫోన్ చెయ్యి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతకవద్దు, అక్కడ దొంగ నంబర్లు చాలా పెట్టి ఉంచారు.

దాచాల్సినవి వెనకనున్న మూడంకెల సీవీవీ, పిన్, ఓటీపీ. ఓటీపీ కొట్టేముందు ఆ మెసేజ్ మొత్తం చదువు, ఎంత డబ్బు, ఎవరికి అని అందులోనే ఉంటుంది. డబ్బు నీకు వాపసు రావడానికి ఓటీపీ ఎప్పుడూ అక్కర్లేదు. వాట్సాప్‌లో చలాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, తెరవకు. అది ఫోన్‌లో దిగిందంటే నీ మెసేజ్‌లు వాళ్లే చదువుకుంటారు, నిన్ను అడగాల్సిన పని కూడా ఉండదు.

ఇవాళే బ్యాంకు యాప్ తెరిచి అంతర్జాతీయ వాడకం ఆపేసి ఉందో లేదో చూడు. విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, నంబరూ, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు. ట్యాప్ చేసే సౌకర్యంలో 5,000 రూపాయల దాకా పిన్ అక్కర్లేదు, కార్డు పారేసుకుంటే దొరికినవాడికీ అదే హక్కు. నీకు అవసరం లేకపోతే అదీ ఆపెయ్యి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు డెబిట్ కార్డు కంటే ఇదే నయం అంటాను నేను. అందులో పోతే నీ జీతం పోతుంది. ఇందులో బిల్లు మీద గొడవపడటానికి వ్యవధి ఉంటుంది.

నువ్వు చెయ్యని ఖర్చుకు మెసేజ్ వస్తే ముందు యాప్‌లో కార్డు బ్లాక్ చెయ్యి, తర్వాత బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకో, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఏడవడం, స్నేహితుల్ని అడగడం ఆ తర్వాత. రిజర్వ్ బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చిన రోజు కాకుండా మూడు పని దినాల్లోపు చెబితే నష్టం నీది కాదు. ఓటీపీ నువ్వే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయింది నీదే. తెలియజేశాక పోయేది బ్యాంకుది. అందుకే సిగ్గుపడి దాచిపెట్టడం కంటే నష్టం ఇంకోటి లేదు. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఖర్చేమీ లేదు. ఆ ఉత్తరం అవసరమైతే నేను రాసిపెడతాను.

ఇంకొక పని. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మా అక్క, అదే మీ అమ్మ, ఏటీఎం పిన్ మార్పించు. గోడమీది క్యాలెండర్‌లో గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే రాసి పెట్టుకుంది. నేను చెబితే వినదు, నువ్వు చెబితే వింటుంది.

ఇట్లు,
మీ మావయ్య