గోడ మీది పాస్‌వర్డు ముందు తీసేయండి

ప్రశ్న: ఒంగోలు కర్నూలు రోడ్డులో మాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఈమధ్యే స్కానర్ కూడా ఉన్న వైఫై ప్రింటర్ కొన్నాం. కస్టమర్లు ఫోన్ నుంచే ప్రింట్ ఇచ్చుకుంటారని పాస్‌వర్డు గోడకు అంటించాం. మొన్న షాపులో ఎవరూ లేనప్పుడు ఎవరిదో శుభలేఖ నాలుగు కాపీలు వచ్చింది. హ్యాక్ చేశారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: హ్యాక్ కాకపోవచ్చు. ఒకసారి ప్రింట్ తీసుకున్నవాళ్ల ఫోన్‌లో మీ వైఫై సేవ్ అయి ఉంటుంది. వాళ్లు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడినా దానంతటదే కలుస్తుంది. అంతకుముందు మధ్యలో ఆగిపోయిన ప్రింట్ అప్పుడు వచ్చి పడుతుంది.

నా భయం శుభలేఖ గురించి కాదు. మీ దగ్గరికి ఆధార్, పాన్, పొలం 1బీ కాగితాలు వస్తాయి. ప్రింటర్ ఐపీ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో దాని నంబరు) బ్రౌజర్‌లో కొడితే దాని సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. కొన్ని మోడళ్లలో అద్దం మీద మరిచిపోయిన ఆధార్ కార్డును అక్కడి నుంచే స్కాన్ చేసి తీసుకోవచ్చు. అందుకు కావాల్సిందల్లా మీ గోడ మీద ఉన్న పాస్‌వర్డే.

ఈరోజే ఆ కాగితం తీసేసి, రౌటర్‌లో పాస్‌వర్డు మార్చండి. అక్కడే వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అని ఉండాలి. కస్టమర్లకు గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి. దాంట్లో ఉన్నవాళ్లకు మీ ప్రింటర్, కంప్యూటర్ కనపడకూడదు. మరి ప్రింట్ ఎలా అంటారా? షాపు వాట్సాప్‌కో మెయిల్‌కో పంపమనండి. ప్రింట్ ఇచ్చాక వాళ్ల ముందే ఫైల్ డిలీట్ చేయండి. మీకు కాస్త పని పెరుగుతుంది, నిజమే. కానీ నమ్మి కాగితం ఇచ్చినవాళ్లకు అంత మాత్రం చేయాలి.

ప్రింటర్‌ను కొత్త పాస్‌వర్డుతో మళ్లీ కలపాలి. చాలా ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే కనిపిస్తుంది, 5 గిగాహెర్ట్జ్ పేరు కోసం వెతక్కండి. పాస్‌వర్డు కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ నొక్కి కలిపితే, పని కాగానే రౌటర్‌లో దాన్ని ఆపేయండి. దాని పిన్ పద్ధతిలో లోపం 2011లోనే బయటపడింది.

ఇక్కడితో అయిపోయిందనుకునే చాలామంది ఆగిపోతారు. మీ ఫోన్‌లో వైఫై జాబితా తెరిచి చూడండి. ‘డైరెక్ట్’ అని ఇంగ్లిష్‌లో మొదలయ్యే పేరు కనిపిస్తే, అది మీ ప్రింటర్ సొంతంగా ఇస్తున్న వైఫై కావచ్చు. రౌటర్ పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా దీనికి సంబంధం లేదు. కొన్ని మోడళ్లలో కంపెనీ పెట్టి పంపే పాస్‌వర్డు 12345678. ప్రింటర్ సెట్టింగుల్లో వైఫై డైరెక్ట్ ఆఫ్ చేయండి. అదే పేజీలో అడ్మిన్ పాస్‌వర్డు పెట్టి, ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉంటే వేయండి.

ఇంటి నుంచి షాపు ప్రింటర్‌కు పంపడానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి ప్రింటర్‌కు రౌటర్‌లో దారి తెరవడం) చేసుకోమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. 2018లో ప్రపంచవ్యాప్తంగా వేల ప్రింటర్ల నుంచి ఒక యూట్యూబర్ ప్రచార కాగితాలు వాటంతటవే వచ్చాయి. అవి ప్రింట్లు అందుకునే దారి, అంటే 9100 పోర్టు, ఇంటర్నెట్‌కు తెరిచి ఉండటమే కారణం.

కరెంటు పోయి వచ్చాక ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటోందంటే, చాలాసార్లు ఐపీ మారి ఉంటుంది. రౌటర్‌లో దానికి ఒకే ఐపీ రిజర్వ్ చేయండి. అందుకు కావాల్సిన వివరాలు ప్రింటర్ నుంచి ప్రింట్ తీసే నెట్‌వర్క్ పేజీలో ఉంటాయి. కొన్నిట్లో వైఫై డైరెక్ట్ పాస్‌వర్డు కూడా ఉంటుంది కాబట్టి, పని కాగానే ఆ కాగితం చించేయండి.