హిమాని కరిగి పోసిన ఇసుకను ‘ఒండ్రు’ అనవచ్చా?

సందేహం: మేం మిషిగన్‌లో ఉంటాం. వారాంతాల్లో పిల్లలకు తెలుగు చెబుతాను. ఈ వేసవిలో పిల్లలతో కలిసి ఉత్తరాన గ్రేలింగ్ దగ్గర అడవికి వెళ్లాం. నడకదారి పక్కన అక్కడి నేల గురించి ఒక బోర్డు ఉంది. దాన్ని తెలుగులో రాయమని పిల్లలకు హోంవర్క్ ఇచ్చి, ముందు నేనే రాసి చూశాను. ‘ఈ అటవీ మృత్తికలు హిమనీనద ఒండ్రు నిక్షేపాలలో ఏర్పడిన ఇసుకతో కూడిన, కంకరతో కూడిన, అత్యధిక మురుగునీటి పారుదల గల నేలలు’ అని వచ్చింది. చదివితే మా ఆయన నవ్వారు. ఇందులో ఏయే మాటలు తప్పు? ‘గ్లేషియల్ అవుట్‌వాష్’కు తెలుగు మాట ఉందా? అక్కడున్న చెట్లను దేవదారు అనవచ్చా?

సమాధానం: మీవారు నవ్వింది ‘మురుగునీటి’ దగ్గరే అయి ఉంటుంది. దాని సంగతి తర్వాత చూద్దాం. ఈ వాక్యంలో అసలు చిక్కు ‘ఒండ్రు’తో ఉంది. అది తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఏరు పొంగి తగ్గాక పొలంలో రెండు రకాల పనులు చేసి పోతుంది. ఒక్కోసారి మెత్తటి బురద పరిచి వెళుతుంది. అది ఒండు, ఒండ్రు, ఒండుమట్టి. రైతుకు పండగే. ఇంకోసారి పంట మీద మోకాలెత్తు ఇసుక పోసి పోతుంది. అప్పుడు ‘ఒండ్రు పట్టింది’ అని ఎవరూ అనరు, ‘ఇసుక మేట వేసింది’ అంటారు. వరదల తర్వాత పేపర్లలో ‘మేటలు తొలగించుకోవడానికి సాయం చేయాలి’ అని రైతులు అడుగుతున్నట్టు చదువుతుంటాం కదా, ఆ మేటే. రెండూ నీళ్లు తెచ్చినవే. ఒకటి సారం, ఒకటి భారం. మన బడి పుస్తకాలు నది తెచ్చిన నేలలన్నిటికీ కలిపి ‘ఒండ్రు నేలలు’ అని పేరు పెట్టడంతో ఈ తేడా మరుగున పడింది. డెల్టా నేలలకు ఆ పేరు అతికింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గ్రేలింగ్ నేలకు మాత్రం అతకదు.

ఎందుకంటే అక్కడ జరిగింది ఇది. కిలోమీటరు దాటిన మందంతో ఉన్న మంచు పలక, అంటే హిమాని, పన్నెండు వేల ఏళ్లకు పూర్వమే కరిగి వెనక్కి తగ్గింది. కరుగుతున్నప్పుడు దాని అంచు నుంచి పాయలు పాయలుగా నీళ్లు దూకాయి. మంచు తనతో ఈడ్చుకొచ్చిన రాయి, ఇసుక, మట్టి అన్నీ ఆ నీళ్లలో పడ్డాయి. బియ్యం గాలించడం చూసే ఉంటారు. చేటతో చెరిగినా పోని రాళ్లను గిన్నెలో నీళ్లు పోసి, తిప్పి, వంచి వేరు చేస్తారు. బియ్యం నీళ్లతో పాటు అవతలి గిన్నెలోకి జారుతుంది, రాళ్లు అడుగున ఉండిపోతాయి. ఆ పాయలు చేసిన పని అచ్చంగా అదే. బరువైన గులకలు మంచు అంచుకు దగ్గర్లోనే దిగిపోయాయి, ఇసుక ఇంకొంత దూరం పోయి ఆగింది, తేలికైన మట్టి నీళ్లతో సాగిపోయి ఎక్కడో సరస్సుల అడుగున కూర్చుంది. అంటే గ్రేలింగ్ ఇసుక అనేది ఒండ్రంతా గాలించుకు పోయాక మిగిలిన సరుకు. దాన్ని పట్టుకుని ‘ఒండ్రు’ అంటే, గిన్నె అడుగున మిగిలిన రాళ్లను చూపించి బియ్యం అన్నట్టు ఉంటుంది!

మంచు తానే ఈడ్చుకొచ్చి దించిన సరుకు వేరే ఉంటుంది. అందులో బండ నుంచి బంకమన్ను దాకా అన్నీ కలగలిసి ఉంటాయి, ఎవరూ గాలించలేదు కాబట్టి. దాన్ని మేట అనలేం. మన వాడుకలో మేట వేసేది నీరు, లేదా గాలి. కాబట్టి మీరడిగిన అవుట్‌వాష్‌కు ‘మేట’ అన్న మాటలోనే సగం నిర్వచనం ఇమిడి ఉంది. ‘హిమాని కరిగిన నీటి మేట’ అని ఒకసారి విడమరిచి చెప్పి, ఆ తర్వాత ‘హిమాని మేట’ అనుకోండి, సరిపోతుంది. ఐస్‌లాండ్‌లో ఇలాంటి మైదానాలను సాండుర్ అంటారు. ఆ మాటకు అర్థం ఇసుకే. భూగర్భ శాస్త్రవేత్తలూ దాన్నే తీసుకుని వాడుతున్నారు. గ్రేలింగ్ మీదుగా పారే ఏటి పేరు ఓ సాబుల్ కూడా ఫ్రెంచి వాళ్లు ఇసుకను చూసి పెట్టిందే. మన నెల్లూరు జిల్లాలో ఇసకపల్లి ఉన్నట్టు. అక్కడివాళ్లు ఎవరికీ అది ఒండ్రుగా కనిపించలేదన్నమాట.

ఇక ‘హిమనీనదం’. ఈ రూపం తప్పు, ‘మ’కు దీర్ఘం ఉండాలి: హిమానీనదం. తప్పే కానీ చాలాచోట్ల అచ్చులో ఇలాగే కనిపిస్తుంది కాబట్టి మిమ్మల్ని అనలేను. ‘హిమానీ హిమసంహతిః’ అని అమరకోశం. అంటే మంచు కుప్ప, మంచు రాశి. హిమ శబ్దానికి ‘ఆనీ’ ఎలా చేరిందో పాణిని సూత్రం మీద కాత్యాయనుడి వార్తికం, అంటే వివరణ వాక్యం, చెబుతుంది: ‘హిమారణ్యయోర్మహత్త్వే’. పెద్దదనే అర్థంలో హిమం హిమాని అవుతుంది, అరణ్యం అరణ్యాని అవుతుంది. మహా హిమమూ మహారణ్యమూ ఒకే వార్తికంలో పక్కపక్కన కూర్చున్నాయి, మీ బోర్డులోనూ కూర్చున్నాయి. ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేకపోయాను.

తెలుగులో విడిగా వాడితే హిమాని, చివర హ్రస్వం. సంస్కృత సమాసంలో హిమానీజలం, హిమానీనదం అని దీర్ఘం నిలుస్తుంది. నది, నదీతీరం లాగే. తెలుగు మాట పక్కన మళ్లీ హ్రస్వమే: హిమాని మేట, నది ఒడ్డు. ఇంకొక మాట. హిమాలయాల లోయల్లో మంచు నదిలా సాగుతుంది, అక్కడ హిమానీనదం అనడం బాగుంటుంది. మిషిగన్‌ను కప్పింది లోయ పట్టి సాగిన నది కాదు, కెనడా నుంచి పరుచుకుంటూ వచ్చిన దుప్పటి. దానికి ‘నదం’ తోక తగిలించకుండా ఉత్త ‘హిమాని’ అనడమే నయం. అమరుడు చెప్పిన అర్థమూ అదే.

‘కంకరతో కూడిన’ అన్నారు. నిఘంటువుల్లో కంకరకు చిన్న రాళ్లు అనే అర్థం ఉంది, కాదనను. కానీ ఇవాళ కంకర అంటే మన కళ్ల ముందు మెదిలేది క్రషర్‌లో కొట్టిన రాయి. పదునైన అంచులు, రోడ్డుకీ స్లాబుకీ వాడేది. నీళ్లలో దొర్లి దొర్లి అంచులు అరిగిన రాయి గులకరాయి. మీ అడవిలో ఉన్నది ఇదే. గ్రావెల్ అనే ఇంగ్లీషు మాటనే వాడదామంటే ఇంకో పేచీ ఉంది. ఆంధ్ర జిల్లాల్లో గ్రావెల్ అంటే లేఅవుట్లు మెరక చేయడానికి లారీల్లో తోలే ఎర్రమట్టి. తెలంగాణలో దాన్నే మొరం అంటారు. ‘గ్రావెల్ నేల’ అని రాస్తే చదివేవాళ్ల మనసులో నేల ఎర్రబడిపోతుంది. గులకకూ ఇసుకకూ నడుమ ఉండే ముతక సరుకుకు ‘గరుసు’ అనే చక్కటి పాత మాట ఉంది. మీ పిల్లలకు నేర్పండి, గరుకుకు చుట్టం కాబట్టి చేతికి తగిలినట్టే గుర్తుంటుంది.

కొలతలు కూడా చెబుతాను, మాటలు ఎంచుకోవడానికి పనికొస్తాయి. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో 2 మిల్లీమీటర్ల లోపు, 0.05 మిల్లీమీటర్ల పైన ఉన్న రేణువు ఇసుక. 2 మిల్లీమీటర్లు దాటి సుమారు 75 దాకా గులక. నేల ఘనపరిమాణంలో ఈ గులక 15 నుంచి 35 శాతం ఉంటేనే పేరుకు ముందు ‘గ్రావెలీ’ చేరుస్తారు. 35 నుంచి 60 దాకా ఉంటే ‘వెరీ గ్రావెలీ’. అందుచేత మొదటిదాన్ని ‘గులక కలిసిన’, రెండోదాన్ని ‘గులక నిండిన’ అనుకుంటే చాలు. ‘తో కూడిన’ మీద నాకు కోపం లేదు కానీ, ‘సతీసమేతంగా’ లాగా ఇసుక వేరు, నేల వేరు అనిపిస్తుంది. గ్రేలింగ్‌లో నేల అంటేనే ఇసుక. ‘ఇసుక నేల’ అంటే పూర్తయింది. ‘మృత్తిక’ పరీక్ష పేపర్లకు వదిలేయండి. చేతిలోకి తీసుకుంటే మట్టి, కాళ్ల కింద ఉంటే నేల.

మన గరప, దుబ్బ, చల్కా లాంటి పేర్లు వాడవచ్చా అని మీరు అడగలేదు కానీ, ఎవరో ఒకరు అడుగుతారు. గరప, దుబ్బ అనేవి నేల తీరును చెప్పే మాటలు. పోలిక కోసం వాడుకోవచ్చు. చల్కా వద్దు. అది గ్రానైటు జాతి రాయి ఉన్నచోటే చివికి అయిన ఎర్రనేల. మీది మంచు ఎక్కడి నుంచో మోసుకొచ్చింది. పుట్టుకే వేరు.

ఇప్పుడు మురుగు. ఈ మాట మీకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. వ్యవసాయ కరపత్రాల్లో ‘మురుగునీరు పోయే వసతి గల నేలలు అనుకూలం’ అని ఉంటుంది. డెల్టా రైతుకు అది సహజమైన మాట. పంట కాల్వ నీళ్లు తెస్తుంది, మురుగు కాల్వ ఎక్కువైన నీళ్లు తీసుకుపోతుంది. మురుగు అంటే అక్కడ చేలో నిలిచిపోయిన నీరు. ఊళ్లోకి వచ్చేసరికి అది డ్రైనేజీ అయింది. గ్రేలింగ్ అడవిలో నీరు నిలవనే నిలవదు కదా, ఇక మురిగేదేముంది? పైగా ‘అత్యధిక పారుదల’ అంటే నీళ్లు పైన పరవళ్లు తొక్కుతున్నట్టు ఉంది. అక్కడ నీరు పారదు, ఇంకుతుంది. ఇంకుడు గుంత తవ్వుకోమని ప్రభుత్వం మనకు చెబుతుంది. అక్కడ అడవి మొత్తం ఒక ఇంకుడు గుంత. అలా ఇంకిన నీళ్లే ఊటలై ఓ సాబుల్ ఏటిలోకి చేరతాయి. అందుకే ఆ ఏరు ఎండాకాలంలోనూ చల్లగా, ఒకే తీరున సాగుతుంది. అంచేత ‘చుక్క నీరు నిలవని నేల’ అనండి. మామూలుగా నీరు ఇంకే నేలను ‘నీరు నిలవని’ అంటాం. ఆ ‘చుక్క’ చేర్చడంతో మీకు కావలసిన ‘అత్యధిక’ వచ్చేస్తుంది.

దేవదారు వద్దు. దేవదారు హిమాలయాల్లో పెరిగే వేరే చెట్టు. పైన్‌కు పాత మాట సరళ వృక్షం, కానీ ఇవాళ సరళ అంటే మనిషి పేరే గుర్తొస్తుంది. జాక్ పైన్ అని ఉంచేయండి. ఆ చెట్టు కథను పిల్లలకు చెప్పడం మాత్రం మరచిపోకండి. కాయలు మైనం పూసినట్టు బిగుసుకుని ఉంటాయి, కార్చిచ్చు వేడికి విచ్చుకుని గింజలు రాలుస్తాయి. ఇసుక నేల త్వరగా ఎండుతుంది, ఎండితే మంటలు వస్తాయి, మంటలు వస్తే ఆ చెట్టుకు సంతానం. ఆ లేత చెట్ల కింద ఇసుకలోనే కర్ట్‌లాండ్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట గూడు పెడుతుంది. వాన కురిసినా గూట్లో నీళ్లు నిలవవు. అంతరించిపోయే జాబితాలో ఉండి, సంఖ్య పెరిగి 2019లో అందులోంచి బయటపడింది.

అన్నీ కలిపి మీ వాక్యం ఇలా రాయవచ్చు: ‘ఈ అడవి ఇసుక మేట మీద పెరిగింది. ఒకప్పుడు ఇక్కడి హిమాని కరిగి పారిన నీళ్లు మట్టిని గాలించుకుపోయి, ఇసుకనూ గులకనూ వదిలి వెళ్లాయి. ఈ నేలలో చుక్క నీరు నిలవదు.’ మీది ఒక వాక్యం, నాది మూడు. ఇంగ్లీషులో పేరుకు ముందు ఎన్ని విశేషణాలైనా గుచ్చుకుంటూ పోవచ్చు. తెలుగులో అలా గుచ్చితే ‘గల’, ‘కూడిన’, ‘ఏర్పడిన’ వరసగా నిలబడి నేల ఎక్కడుందో కనపడదు. హోంవర్క్‌లో పిల్లలు నాలుగు వాక్యాలు రాసినా మార్కులు తగ్గించకండి.