టెక్ సందేహాలు: ఎంపికల నోటీసు చెవికి వినిపిస్తోందా?

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో వ్యాయామ విద్య అధ్యాపకుణ్ణి. చూపు లేని విద్యార్థులకు జిల్లా స్థాయి క్రీడా వెబ్‌సైట్లు ఎంతవరకు పనికొస్తున్నాయన్న అంశంపై పీహెచ్‌డీ చేస్తున్నాను. కంప్యూటర్ పరిజ్ఞానం అంతంతమాత్రమే. ఖర్చు లేకుండా ఈ సైట్లను పరీక్షించడం ఎలా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మాస్టారూ, చాలా అవసరమైన పని పెట్టుకున్నారు. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 30వ సెక్షన్ క్రీడల్లో వాళ్లకు సమాన అవకాశం ఇవ్వాలంటోంది. అయితే ఎంపికలు ఎప్పుడో, ఎక్కడో చెప్పే పేజీయే చదవడానికి వీల్లేకపోతే ఆ అవకాశం ఉన్నట్టు పిల్లలకు తెలిసేదెలా?

ముందు క్రోమ్‌లో వేవ్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. పైకి చదివే సాఫ్ట్‌వేర్ కోసం బొమ్మ వెనక రాసిపెట్టే వివరణ లేని ఫొటోలు, పేరు లేని ఫారం గడులు, వెలిసిపోయినట్టుండే అక్షరాలు, అన్నిటినీ గుర్తులు పెట్టి చూపిస్తుంది. అక్కడితో ఆగిపోకండి. కబడ్డీ ఎంపికల పోస్టర్‌కు వివరణగా ‘కబడ్డీ’ అని ఒక్క మాట రాసినా వేవ్ సరేనంటుంది. తేదీ, స్థలం, వయోపరిమితి మాత్రం బొమ్మలోనే ఉండిపోతాయి.

అందుకే ఎన్‌వీడీఏ కావాలి. విండోస్ కంప్యూటర్‌లో తెర మీది అక్షరాలను పైకి చదివే ఉచిత సాఫ్ట్‌వేర్ (స్క్రీన్ రీడర్) ఇది. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, మైఖేల్ కర్రన్, జేమ్స్ టే కలిసి తయారుచేశారు. తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త యంత్రంలా ఉంటుంది గానీ రెండు రోజుల్లో అలవాటైపోతుంది. మానిటర్ ఆపేసి, మౌస్ పక్కన పెట్టి కూర్చోండి. హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, టీ నొక్కితే పట్టికకు, ఎఫ్ నొక్కితే ఫారం గడికి వెళ్తుంది. ఎంపికల తేదీ కనుక్కోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.

పోయిన వేసవిలో ఈత కొలను స్లాట్ బుక్ చేసే ఒక పేజీని నేనూ ఇలాగే చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌ను ఆన్ చేసి కళ్లు మూసుకున్నాను. పేరు, ఫోన్ నంబర్ దాకా బాగానే సాగింది. సమయాల దగ్గరకు రాగానే “బటన్... బటన్... బటన్” అని పదకొండుసార్లు వినిపించింది. ఉదయం 6 గంటల స్లాట్ ఏదో, సాయంత్రం 5 గంటలది ఏదో తెలియలేదు. నిండిపోయిన వాటిని ఎరుపు రంగుతో మాత్రమే చూపించారు, మాటల్లో ఎక్కడా రాయలేదు. నేను కళ్లు తెరిచి బుక్ చేసుకోగలిగాను. చూపు లేనివాళ్లు ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల్సిందే.

ఇంకో ముఖ్యమైన మాట. మీ పరీక్ష ఒక్కటే సరిపోదు. రోజూ స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థులను కూర్చోబెట్టి, వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో పక్కనుండి గమనించండి. నా దృష్టిలో థీసిస్‌కు ప్రాణం అదే. కొలబద్దగా, వెబ్‌సైట్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలంటే ఏం చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ 2.2లో ‘ఏఏ’ స్థాయిని తీసుకోండి. ఇది 2023 అక్టోబర్‌లో వచ్చింది.

పాత ఉదాహరణ కావాలంటే సిడ్నీ ఒలింపిక్స్ చూడండి. పుట్టుకతోనే చూపు లేని బ్రూస్ మగ్వైర్ ఆ వెబ్‌సైట్ తనకు అందుబాటులో లేదని 1999లో ఫిర్యాదు చేశారు. బొమ్మలకు వివరణల్లేవు, షెడ్యూల్ పేజీ నుంచి ఆటల జాబితాకు దారి లేదు, ఫలితాల పట్టికలు చదవడం కుదరదు. ఇదీ ఆయన బాధ. సెప్టెంబర్ 15కల్లా, అంటే ప్రారంభోత్సవం రోజుకల్లా సరిచేయాలని 2000 ఆగస్టులో అక్కడి మానవ హక్కుల కమిషన్ ఆదేశించింది. పని పూర్తిగా జరగలేదు. దాంతో కమిషన్ ఆయనకు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ఇప్పించింది. మన దగ్గర సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. అంతకుముందు, 2024 నవంబర్‌లో దివ్యాంగులకు అందుబాటు నియమాలపై ఇచ్చిన తీర్పుకు హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ నివేదిక ఆధారమైంది. ఆ నివేదికను తప్పక చదవండి.

ప్రశ్న: మా అమ్మాయికి చూపు లేదు, షాట్‌పుట్ వేస్తుంది. ఎంపికల సర్క్యులర్లు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వస్తాయి. కొన్నింటిని ఫోన్ అసలు చదవదు, కొన్నింటిని అర్థంపర్థం లేకుండా చదువుతుంది.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: అసలు చదవనివి కాగితాన్ని స్కాన్ చేసినవమ్మా. అంటే అవి ఫొటోలే. పిచ్చిగా చదివేవి అను లాంటి పాత ఫాంట్లతో టైపు చేసినవి. మన కంటికి తెలుగే అయినా, లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు.

స్కాన్ పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని తెలుగు అక్షరాలుగా మారుతుంది. అను ఫాంట్‌దైతే స్క్రీన్‌షాట్ తీసి ఇదే పని చేయండి. ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తప్పుతాయి కాబట్టి తేదీ, వయసు ఒకసారి మీరు సరిచూడండి. ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, అదే సమాచారాన్ని మామూలు మెసేజ్‌గా కూడా టైపు చేసి పెట్టమని అడగండి. మొహమాటపడొద్దు, అది అమ్మాయి హక్కు.

ప్రశ్న: మా క్రికెట్ అకాడమీ సైట్‌లో ‘యాక్సెసిబిలిటీ’ బటన్ పెడితే చాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చాలదు. ఆ బటన్ ఎక్కువగా చేసేది అక్షరాలు పెద్దవి చేయడం, పైకి చదవడం లాంటివే. అక్షరాలు పెద్దవి చేసే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల దగ్గర సొంత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ బటన్‌కు పెట్టే డబ్బుతో మీ ఫారంలో ప్రతి గడికీ పేరు పెట్టించండి. తర్వాత మౌస్ ముట్టుకోకుండా, ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం కీలతోనే ఒక అడ్మిషన్ నింపి చూడండి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ మీ డెవలపర్‌కు పని ఉన్నట్టే.