అమెరికా యాడ్స్‌లో చూపించినట్టు క్రిస్మస్‌కి నిజంగానే లగ్జరీ కారు గిఫ్ట్ ఇచ్చుకుంటారా?

"డిసెంబర్ వస్తే అమెరికా టీవీ నిండా ఎర్ర రిబ్బను కట్టిన కార్లే. మామూలు ఉద్యోగస్తులు కూడా ఇలా ఇచ్చుకుంటారా, లేక అదంతా యాడ్ వరకేనా?" అని అడిగారు.

ఇచ్చేవాళ్లు ఉన్నారు, చాలా తక్కువమంది. వాళ్లలో ఇంట్లో చెప్పకుండా కొనుక్కొచ్చేవాళ్లు ఆ పని చేయకుండా ఉంటేనే మంచిదని నా గట్టి అభిప్రాయం. టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఒక లగ్జరీ కార్ల డీలర్‌షిప్‌లో టైటిల్ (కారు ఎవరిదో చెప్పే కాగితం), రిజిస్ట్రేషన్ కాగితాల పని చూసేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుని చూసింది చెబుతున్నాను.

డిసెంబర్‌లో షోరూమ్ కిటకిటలాడే మాట నిజమే. కానీ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి బహుమతితో పని లేదు. లీజు, అంటే నెలనెలా అద్దెలా కట్టి కారు వాడుకునే గడువు, అయిపోయినవాళ్లు వస్తారు. సొంత క్లినిక్కో కంపెనీయో ఉన్నవాళ్లు డిసెంబర్ 31 లోపు బండి చేతికి రావాలని తొందరపెడతారు. లోడుతో కలిపి బరువు 6,000 పౌండ్లు దాటే పెద్ద ఎస్‌యూవీని వ్యాపారానికి వాడితే ఆ ఏడాది పన్నులో పెద్ద మినహాయింపు దొరుకుతుంది మరి. కొత్త మోడల్ వచ్చేసింది కాబట్టి పాత స్టాక్ వదిలించుకోవాలని డీలరు చూస్తాడు. ఏడాది టార్గెట్ అందుకుంటే కంపెనీ నుంచి బోనస్ వస్తుంది. బేరం తెలిసినవాళ్లకి ఇదే సీజన్.

ఈ వ్యాపారానికి ప్రేమ కథ తొడిగింది యాడ్స్. లెక్సస్ వాళ్ల 'ఎ డిసెంబర్ టు రిమెంబర్' 1990ల చివర్లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఆ పెద్ద ఎర్ర రిబ్బనుని అందరికీ అలవాటు చేసింది వాళ్లే. తర్వాత మెర్సిడెస్ వాళ్లు శాంతా క్లాజ్‌ని దింపారు, మిగతా కంపెనీలూ తలా ఒక పండగ సేల్ పెట్టుకున్నాయి. అన్నిట్లోనూ అదే ఇల్లు, అదే మంచు. భార్య కళ్లు మూసి బయటికి తీసుకొస్తారు. కింద సన్నటి అక్షరాల్లో 36 నెలల లీజు, సంతకం పెట్టేరోజు కట్టాల్సిన సొమ్ము, ఏడాదికి 10,000 మైళ్ల పరిమితి లాంటివి వచ్చి, చదివేలోపే మాయమవుతాయి. డాలస్ చుట్టుపక్కల రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చేవాళ్లకి 10,000 మైళ్లు ఏ మూలకి? దాటిన ప్రతి మైలుకీ డబ్బు కట్టాలి. 2019లో పెలోటన్ అనే కంపెనీ, భర్త భార్యకి వ్యాయామం సైకిలు బహుమతి ఇచ్చినట్టు యాడ్ తీస్తే దేశమంతా తిట్టిపోసింది. దాని ధర రెండు వేల పైచిలుకు డాలర్లు. అరవై వేల డాలర్ల కారు ఇచ్చినట్టు ఏళ్ల తరబడి చూపిస్తుంటే మాత్రం అంత గొడవ జరగలేదు. నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఒక డిసెంబర్ 24 మధ్యాహ్నం మనవాళ్లబ్బాయి ఒకాయన వచ్చాడు. నా బల్ల మీద పేరు చూసి "తెలుగువారేనా మేడమ్?" అని పలకరించి, భార్యకి సర్‌ప్రైజ్ అని సంబరంగా చెప్పాడు. ఆవిడ నడిపే పాత టొయోటా కామ్రీని ఆయిల్ మార్పించుకొస్తానని చెప్పి తెచ్చాడట. దాన్ని ట్రేడ్-ఇన్‌కి (పాత కారు విలువని కొత్తదాని ధరలో తగ్గించుకోవడానికి) ఇచ్చేసి కొత్త ఎస్‌యూవీతో ఇంటికెళ్తాడు. కామ్రీ టైటిల్ ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది. కొన్నప్పుడు ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉందట, ఇక్కడి లైసెన్సు కూడా రాలేదట. కాబట్టి ఆవిడ సంతకంతో పని లేకుండా పోయింది. నేను మనసు ఆగక "మేడమ్‌కి తెలుసా అండీ?" అన్నాను. "తెలిస్తే ఇంక సర్‌ప్రైజ్ ఏముందండీ!" అన్నాడు. మంచివాడే. ఆ సంతోషం నటన కాదు.

ఆ రిబ్బను గురించి కూడా చెప్తాను, ఎందుకంటే యాడ్ చూసి అందరూ అడిగేది దాన్నే. మా దగ్గర అవి వెనక గదిలో ఉండేవి. ఒక్కోటి మోయడానికి ఇద్దరు కావాలి. కింద అయస్కాంతాలు ఉంటాయి. ఈ ఖరీదైన కార్లలో చాలావాటికి బానెట్టు అల్యూమినియంది కావడంతో అది అతుక్కోదు, టాప్ మీద పెట్టి పట్టీలతో బిగించాలి. ఆయన కారుకి మా కుర్రాళ్లు అలాగే బిగించి వాళ్ల వీధి మొదట్లో దిగబెట్టారు. పండగ అయ్యాక రిబ్బను వెనక్కి వచ్చేస్తుంది. మళ్లీ ఇంకొకరికి.

జనవరి మొదట్లో ఆవిడ వచ్చింది, చంటిపిల్లాడిని ఎత్తుకుని. గొంతు పెంచలేదు. "అక్కా, నా కామ్రీ ఇంకా ఇక్కడే ఉందా?" అని అడిగింది. లేదు. అంత పాత కార్లు మేం అమ్మం, ఆక్షన్‌కి పంపేస్తారు. అది అప్పటికే వెళ్లిపోయింది. కారులో మిగిలిన సామాను మాత్రం ప్లాస్టిక్ సంచిలో కట్టి నా అరలో పెట్టారు. టోల్‌ట్యాగ్, అద్దానికి వేలాడదీసిన వెంకటేశ్వరస్వామి బొమ్మ, పిల్లాడి చిన్న దుప్పటి, డాక్టర్ దగ్గరి రసీదులు. ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. ఆ కారు అప్పు ఎప్పుడో తీరిపోయిందనీ, డ్రైవింగ్ నేర్చుకుంది దాని మీదేననీ చెప్పింది. కొత్తదానికి కట్టిన డౌన్ పేమెంట్, ఇల్లు కొందామని ఇద్దరూ కలిసి దాచిన డబ్బట. "అడిగితే వద్దంటానని ఆయనకి తెలుసక్కా. అందుకే అడగలేదు."

మూడు రోజుల్లో కారు వెనక్కి ఇచ్చేయొచ్చని ఇక్కడ చాలామంది అనుకుంటారు. ఆవిడా అలాగే అనుకుని, గడువు దాటినా బతిమాలి చూద్దామని వచ్చింది. ఇంటికొచ్చి అమ్మేవాళ్ల విషయంలో ఉన్న ఆ మూడు రోజుల నియమం డీలర్ దగ్గర కొన్న కారుకి వర్తించదు. టెక్సాస్ చట్టంలోనూ అలాంటి హక్కు లేదు. మా మేనేజర్ అదే చెప్పి పంపేశాడు. డిసెంబర్‌లో ఆ కుటుంబం ఫొటోని షోరూమ్ పేజీలో పెట్టించింది కూడా ఆయనే.

లెక్క చూడండి. 60 వేల డాలర్లు 7 శాతం వడ్డీకి 72 నెలల అప్పు తీసుకుంటే నెలకి దాదాపు 1,020 డాలర్లు. మొత్తం వడ్డీ 13 వేలు దాటుతుంది. టెక్సాస్‌లో కారు మీద అమ్మకం పన్ను 6.25 శాతం, అంటే 60 వేలకి 3,750. అప్పు ఉన్నంతకాలం ఫుల్ కవరేజ్ ఇన్సూరెన్స్ తప్పదు. పైగా టెక్సాస్‌లో పెళ్లయ్యాక సంపాదించింది సాధారణంగా ఇద్దరిదీ. ఆవిడకి ఇచ్చిన బహుమతికి ఆవిడ జీతం నుంచి కూడా ఆరేళ్లు కడుతున్నారన్నమాట. యాడ్‌లో ఆ డ్రైవ్‌వేలో అంతకుముందు ఏ కారు ఉండేదో, అది ఏమైందో ఎప్పుడైనా చూపించారా?

మన దగ్గర కొత్త బండి కొంటే ఇంటిల్లిపాదీ షోరూమ్‌కి వెళ్తారు. రంగు దగ్గర పిల్లలు పోట్లాడతారు, మైలేజీ ఎంతని నాన్న అడుగుతాడు, ఈఎంఐ ఎంతని అమ్మ అడుగుతుంది. తర్వాత గుడి దగ్గర పూజ, టైర్ల కింద నిమ్మకాయలు. కొనేముందు అందరి నోటా ఒక మాట పడుతుంది. ఈమధ్య హైదరాబాద్‌లో కూడా కారు మీద పట్టు గుడ్డ కప్పి, కేకు పెట్టి, భార్య మొహం రీల్స్ కోసం వీడియో తీస్తున్నారు. ఆ వీడియోలు చూస్తుంటే నాకు కామ్రీ ఆవిడే గుర్తొస్తుంది.

మీరు అమెరికాలోనే ఉండి నిజంగా కొనాలనుకుంటే, క్రిస్మస్ అయ్యాక 26 నుంచి 31 మధ్య ఇద్దరూ కలిసి వెళ్లండి. నెలాఖరు, ఏడాదాఖరు కలిసొస్తాయి కాబట్టి మామూలుగా ఇవ్వని తగ్గింపు కూడా ఇస్తారు. నెలకి ఎంత కట్టగలరని సేల్స్‌మన్ అడిగితే చెప్పకండి, అన్నీ కలిపి బండి ధర ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. ట్రేడ్-ఇన్ మాట ధర తేలాకే ఎత్తండి. ఇంట్లో అప్పు తీరిన పాత కారుంటే, ఇచ్చే ముందు దాన్ని నడిపే మనిషిని అడగండి.